సైకిల్ పక్కన కుక్కను పరిగెత్తించాలంటే

ఎడమ చేతికి తాడు రెండు చుట్లు చుట్టుకుని, కుడి చేత్తో హ్యాండిల్ పట్టుకుని, పక్కన కుక్కను పరిగెత్తిస్తూ సైకిల్ తొక్కేవాళ్లు మన ఊళ్లలో పొద్దున పూట కనిపిస్తుంటారు. పిల్లి అడ్డం వచ్చేదాకా అంతా బాగానే సాగుతుంది. పిల్లిని చూడగానే కుక్క పక్కకు దూకుతుంది. తాడు బిగుస్తుంది, చేతికి వేసిన చుట్టు ఇంకా బిగుస్తుంది, వదిలేద్దామన్నా వదలదు. ఒళ్లు ఎడమకు వాలిపోతుంది, కుడి చెయ్యి తెలియకుండానే బ్రేకు నొక్కేస్తుంది. మనిషి కుక్క మీద, ఇద్దరి మీదా సైకిల్.

అలాగని ఈ పని మానుకోనక్కర్లేదు. రోజంతా గేటు లోపల గొలుసుకు కట్టేసి ఉండే కుక్కకు మన నడక చాలదు, దాని కాళ్లకు పని చెప్పాలంటే సైకిల్ మంచి దారి. కాకపోతే సరంజామా సరిగా ఉండాలి, నేర్పడానికి నాలుగు వారాలు ఓపిక పట్టాలి, మన నెల్లూరు, ప్రకాశం ఎండను లెక్కలో వేసుకోవాలి. ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది: కుక్క తనంతట తాను ఆగదు. మీరు ముందుకు పోతుంటే ఊపిరి అందకపోయినా, పాదాలు బొబ్బలెక్కినా వెంట వస్తూనే ఉంటుంది. దాని అలసటను కనిపెట్టి ఆపాల్సింది మీరే. కింద చెప్పినవాటిలో సగం ఆ కనిపెట్టడం గురించే.

మీ కుక్క ఇందుకు తగినదేనా?

ఎముకల చివర్లు గట్టిపడకముందే పరిగెత్తిస్తే కీళ్లు జీవితాంతం బాధపెడతాయి. నాటు కుక్కలాంటి మధ్యరకానికి ఏడాది నిండాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మ్యాన్ లాంటి పెద్దవాటికి ఏడాదిన్నర. ఏడెనిమిదేళ్లు దాటినదానికి కొత్తగా మొదలుపెట్టొద్దు.

పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఈ పని అసలు వద్దు. కుక్క ఒంటిని చల్లార్చుకునేది ముఖ్యంగా నాలుక చాచి రొప్పడంతోనే. ఆ గాలి పోయే దారే ఇరుకైతే చలికాలంలో కూడా ప్రమాదమే. పోమరేనియన్‌కు, పొట్టి కాళ్ల డాష్‌హండ్‌కు సైకిల్ నెమ్మది వేగం కూడా దౌడే, వాటినీ వదిలేయండి.

మన వాతావరణానికి నాటు కుక్కను మించింది లేదు. పొట్టి వెంట్రుకలు, సన్నటి ఒళ్లు, గట్టి పాదాలు. రాజపాళయం, చిప్పిపారై బాగా పరిగెత్తుతాయి గానీ అవి కంటితో వేటాడే జాతులు. కుందేలో ఉడుతో కదిలితే చెవులు పనిచేయవు, కాబట్టి వాటికి శిక్షణ రెట్టింపు కావాలి. ఇళ్లలో పెరిగే లాబ్రడార్లకు బరువే సమస్య. పక్కల మీద చెయ్యి వేసి నిమిరితే పక్కటెముకలు వేళ్లకు తగలాలి. తగలకపోతే ముందు తిండి తగ్గించి, నడిపించి బరువు దించండి. జర్మన్ షెపర్డ్‌కు తుంటి కీళ్ల జబ్బు రావడం మామూలే, వాటిని డాక్టరుకు చూపించాకే దింపండి.

ఏ కుక్కకైనా ఏటా ర్యాబిస్ టీకా పడి ఉండాలి, ఒంటి మీద పిడుదులు ఉండకూడదు. పిడుదుల జ్వరం లోపల ఉన్న కుక్క మొదట్లో చలాకీగానే కనిపించి, నాలుగు రోజులు పరిగెత్తించగానే చతికిలపడుతుంది.

తాడు ఎక్కడ కట్టాలి

చేతికి వద్దు, హ్యాండిల్‌కు అంతకన్నా వద్దు. హ్యాండిల్ నేల నుంచి దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది. 28 అంగుళాల చక్రాల పాతకాలపు సైకిల్లో వెనక ఇరుసు ఎత్తు 35 సెంటీమీటర్లు. కుక్క ఒకే బలంతో లాగినా, ఇరుసు ఎత్తులో లాగితే సైకిల్‌ను పక్కకు పడదోసే శక్తి మూడో వంతుకు తగ్గిపోతుంది. పైగా హ్యాండిల్‌కు కడితే ముందు చక్రమే తిరిగిపోతుంది, అప్పుడు బరువెంతైనా నిలబెట్టలేరు.

కావాల్సింది వెనక చక్రం పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చే ఒక కడ్డీ, దాని చివర స్ప్రింగు, స్ప్రింగుకు చిన్న తాడు. తయారుగా దొరికేవి ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. లేదంటే వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. చేయించేటప్పుడు ఈ కొలతలు చెప్పండి:

పైపు అర అంగుళం జీఐ (జింకు పూత వేసిన ఇనుము). సైకిల్ నుంచి బయటికి 45 నుంచి 50 సెంటీమీటర్లు. చివర ఎత్తు నేల నుంచి 35–45 సెంటీమీటర్ల మధ్య.

పట్టు రెండు చోట్ల ఉండాలి: ఒక పట్టీ వెనక ఇరుసు నట్టు కింద, ఒక యు-క్లాంపు క్యారియర్ కాలికి. ఒక్క ఇరుసు నట్టు మీదే నిలబెడితే కుక్క లాగినప్పుడల్లా పైపు గుండ్రంగా తిరుగుతుంది, నట్టు వదులవుతుంది, ఒకరోజు చక్రమే పక్కకు జరిగి చైను ఊడుతుంది. సైకిల్ ఎక్కే ముందు ఆ నట్టును స్పానరుతో ఒకసారి తిప్పి చూడడం అలవాటు చేసుకోండి.

పైపు చివర చేతికర్రకు వేసే రబ్బరు బుడిపె తొడగండి. కోసిన పైపు అంచు కత్తితో సమానం.

స్ప్రింగు కుక్క విసురుగా లాగితే నాలుగైదు వేళ్ల మందం సాగి, వదిలితే వెనక్కి రావాలి. చేత్తో లాగితే అసలు కదలనిది పనికిరాదు, కుదుపంతా మీకే వస్తుంది. స్ప్రింగు లోపలినుంచి ఒక నైలాన్ తాడు కాస్త వదులుగా కట్టి ఉంచండి. సముద్రపు గాలికి తుప్పు పట్టి స్ప్రింగు తెగినా కుక్క మీ దగ్గరే ఉంటుంది.

ఇక తాడు పొడవు. ఇక్కడే చాలామంది పొరబడతారు. తాడు, స్ప్రింగు సాగినప్పటి పొడవు రెండూ కలిపినా పైపు పొడవు కన్నా తక్కువే ఉండాలి. పైపు 45 అయితే మొత్తం 30. అప్పుడు కుక్క ఎంత లోపలికి జరిగినా చక్రం చువ్వల దాకా రాలేదు, ఎంత ముందుకు ఉరికినా ముందు చక్రానికి అడ్డం పడలేదు. పైపు కన్నా తాడు పొడుగ్గా ఉందంటే ఆ అమరిక మొత్తం వృథా. టేపుతో కొలిచి చూసుకోండి.

తాడు చివర గుండ్రంగా తిరిగే కొక్కెం పెట్టండి, మెలి పడదు. కొక్కేనికీ కుక్క పట్టీకీ మధ్య పురికొస రెండు మూడు పేటలతో ఒక చిన్న ఉంగరం కట్టడం మంచిది. కుక్క స్తంభానికి అవతలి వైపు, మీరు ఇవతలి వైపు వెళ్లిన క్షణంలో ఏదో ఒకటి తెగాలి. తెగాల్సింది పురికొసే, కుక్క వెన్ను కాదు. ఎన్ని పేటలు సరిపోతాయో ఇంట్లోనే చూసుకోండి: మామూలు లాగుడుకు ఆగాలి, మీరు బరువంతా వేసి గుంజితే తెగాలి. అది తడిసి చివికిపోతుంది, పదిహేను రోజులకు ఒకసారి మార్చండి. తెగితే కుక్క వదులవుతుంది కదా అంటారేమో. అందుకే "ఆగు" అంటే నిలబడే కుక్కనే రోడ్డెక్కించాలి.

మెడపట్టీకి మాత్రం తాడు కట్టొద్దు, ఒక్క గుంజుడుకు గొంతు గొట్టం దెబ్బతింటుంది. ఛాతీకి వేసే హార్నెస్ కావాలి. ముందు నుంచి చూస్తే రెండు పట్టీలు రొమ్మెముక మీద కలిసేది ఎంచుకోండి. భుజాల మీదుగా అడ్డంగా పోయేది కాలు ముందుకు చాచనివ్వదు. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ముంగాళ్ల చంకల్లో వెంట్రుకలు రాలుతున్నా, చర్మం ఎర్రబడినా పట్టీ రాసుకుంటోందని అర్థం.

సైకిల్ సంగతి

కుక్క ఎప్పుడూ మీకు ఎడమవైపే. మనం రోడ్డుకు ఎడమన పోతాం కాబట్టి బండ్లు కుడివైపునుంచి దాటతాయి, కుక్కకూ బండ్లకూ మధ్య మీరుంటారు. చైను కూడా కుడివైపే. లేడీస్ సైకిళ్లకు వెనక చక్రానికి ఉండే చీరగార్డు ఈ పనికి వరం లాంటిది, తాడును, తోకను చువ్వల్లోకి పోనివ్వదు. మీ సైకిల్‌కు లేకపోతే షాపులో వేయించుకోండి.

సీటును కూర్చున్నచోటు నుంచే పాదం పూర్తిగా నేలకు ఆనేంత దించండి. రెండు బ్రేకులూ పనిచేయాలి. కడ్డీ బ్రేకులున్న పాత సైకిళ్లు వానలో సరిగా ఆగవు, తడి రోడ్డు మీద వాటితో వద్దు. బెల్లు, వెనక ఎర్ర లైటు, తలకు హెల్మెట్ తప్పనిసరి.

మరో విషయం ఎవరూ చెప్పరు. మనందరికీ సైకిల్ ఎడమవైపు నుంచి ఎక్కి, ఎడమవైపుకే దిగడం అలవాటు. ఇప్పుడు ఆ ఎడమవైపు కడ్డీ ఉంది, కుక్క ఉంది. కుడివైపు నుంచి ఎక్కడం, కుడికాలు ఆనించి ఆగడం, కుడివైపుకు దిగడం కొత్తగా నేర్చుకోవాలి. కుక్క లేకుండా, కడ్డీ బిగించుకుని, ఖాళీ స్థలంలో ఇరవై ముప్పైసార్లు ఎక్కి దిగండి. కంగారులో ఒళ్లు పాత అలవాటుకే పోతుంది, కుక్క తోక తొక్కుతారు లేదా పైపు తట్టుకుని పడతారు.

నేర్పే వరస

1. మొదటి మూడు నాలుగు రోజులు సైకిల్‌ను స్టాండు వేసి పెరట్లో నిలబెట్టండి. కుక్క అన్నం గిన్నె దాని దగ్గరే పెట్టండి. బెల్లు కొట్టండి, పెడల్ తిప్పండి, చప్పుడుకు అలవాటు పడాలి. భయపడితే దూరంగా జరిపి మళ్లీ మొదలుపెట్టండి, ఈడ్చుకురావద్దు.

2. తర్వాత వారం మీరు సైకిల్‌కు కుడివైపున నడుస్తూ దాన్ని తోసుకుపోండి. కుక్కను ఎడమవైపున ఇంట్లోవాళ్లెవరైనా మామూలు తాడుతో నడిపించాలి. ఇప్పుడే మాటలు నేర్పండి: బయల్దేరడానికి "పద", వేగం తగ్గించడానికి "మెల్లగా", నిలబడడానికి "ఆగు", దేన్నైనా చూసి లాగితే "వదిలేయ్". ఇంట్లో అందరూ ఇవే మాటలు వాడాలి. ఒకరు "ఆగు", ఇంకొకరు "నిలబడు", మరొకరు "స్టాప్" అంటే కుక్క ఏదీ నేర్చుకోదు. విన్న ప్రతిసారీ చిన్న ముక్క ఏదైనా పెట్టండి.

3. మూడోవారం కుక్కను కడ్డీకి కట్టి, మీరు ఎక్కకుండా తోసుకుంటూ నడవండి. ఎడమకు, కుడికి మలుపులు తిప్పండి. ఎడమ మలుపులో కుక్క లోపలివైపు ఉంటుంది, ఇరుకుగా తిప్పితే దాని మీదికే పోతారు, కాబట్టి వెడల్పుగా తిప్పాలి. కుడి మలుపులో అది బయటివైపు ఎక్కువ దూరం పోవాలి, మీరే నెమ్మదించాలి.

4. నాలుగోవారం స్కూలు మైదానంలాంటి ఖాళీచోట ఎక్కి రెండు వందల మీటర్లు తొక్కండి. "ఆగు" అని, కుక్క నెమ్మదించాక బ్రేకు నొక్కండి. బ్రేకు ముందు, మాట తర్వాత అయితే తాడు దాన్ని వెనక్కి గుంజుతుంది, మీ మాటకు అర్థం పోతుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు మాటకే ఆగేదాకా రోడ్డెక్కొద్దు.

ఆ తర్వాత రోజుకు కిలోమీటరుతో మొదలుపెట్టి వారానికి అర కిలోమీటరు పెంచుకుంటూ అయిదు దాకా పోవచ్చు. వారానికి మూడు రోజులే, మధ్యలో రోజు విడిచి రోజు విశ్రాంతి. మన ఎండకు, మన తారుకు అయిదు కిలోమీటర్లు దాటించడంలో లాభం లేదని మా అభిప్రాయం.

వేగం, తాడు చెప్పే కబురు

కుక్క చిన్న పరుగులో ఉండాలి, దౌడు తీయకూడదు. తేడా తెలుసుకోవడం తేలిక. చిన్న పరుగులో కుడి ముంగాలు, ఎడమ వెనకకాలు ఒకేసారి లేస్తాయి, వీపు ఊగకుండా సమంగా సాగుతుంది. దౌడులో వీపు విల్లులా వంగుతూ, ఎగురుతూ పోతుంది. చాలా కుక్కలకు గంటకు 10–13 కిలోమీటర్లు చిన్న పరుగు. మీటరు లేకపోతే రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు చూడండి, రాయికీ రాయికీ మధ్య అయిదు నిమిషాలు పడితే సరిగ్గా ఉన్నట్టు.

తొక్కుతున్నంతసేపూ తాడును ఓరకంట చూస్తుండండి. ముందుకు బిగిసి ఉంటే కుక్కలో ఇంకా హుషారుంది. వదులుగా కిందికి వేలాడుతుంటే మీ వేగం దానికి సరిపోయింది. వెనక్కి బిగిసిందంటే అది అలిసిపోయింది. బిగిసిన క్షణమే ఆగి, దిగి, నీడకు తీసుకెళ్లండి. ఇంకో అర కిలోమీటరేగా అని ఈడ్చిన రోజే ప్రాణం మీదికొస్తుంది.

ఎండ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, పాదాల సంగతి చెప్పాలా? ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెల్లవారి ఆరు లోపు ముగించగలిగితే వెళ్లండి, లేదంటే మానేయండి. సాయంత్రం ఏడింటికి సూర్యుడు పోయినా తారురోడ్డు పగటి వేడి కక్కుతూనే ఉంటుంది. అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఆనించి ఏడు లెక్కపెట్టండి. చెయ్యి ఉంచలేకపోతే కుక్క పాదం కూడా ఉంచలేదు.

కోస్తా వాళ్లు ఇంకొకటి గమనించాలి. మైపాడు, కొత్తపట్నం వైపు కనిగిరి, పొదిలి అంత ఎండ ఉండకపోవచ్చు, కానీ గాలిలో తేమ ఎక్కువ. రొప్పినప్పుడు నోటిలోని తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, తేమగాలిలో ఆ తడి ఆరదు. మనకు చొక్కా ఒంటికి అతుక్కునే ఉక్కపోత రోజున దూరం సగానికి తగ్గించండి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, తుపాను వానలు లేని పొద్దుటిపూటలు, అన్నిటికన్నా మంచి కాలం.

లీటరు నీళ్లు, వెడల్పు మూత ఒకటి వెంట ఉంచుకోండి. పదిహేను నిమిషాలకొకసారి ఆగి నాలుగు గుటకలు తాగించండి, కడుపునిండా కాదు. అన్నం తిన్నాక మూడు గంటలు గడవనిదే పరిగెత్తించొద్దు, వచ్చాక గంటదాకా పెట్టొద్దు. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో నిండిన పొట్ట మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది.

నాలుక చివర చెంచాలా వెడల్పై వేలాడడం, చొంగ తీగలా చిక్కబడడం, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరగడం, అడుగులు తడబడడం, వాంతి: ఇవి వడదెబ్బ గుర్తులు. కుక్క మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, 104 దాటితే ఆలస్యం చేయకూడదు. నీడలో పడుకోబెట్టి మామూలు నీళ్లు పొట్ట, గజ్జలు, చంకలు, పాదాల మీద పోస్తూ విసరండి. బావి నీళ్లు, బోరు నీళ్లు ఏవైనా సరే. తడిగుడ్డ కప్పి ఉంచొద్దు, లోపలి వేడి బయటికి పోనివ్వదు. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. ముందు చల్లార్చి, ఆ తర్వాతే ఆస్పత్రికి తీసుకెళ్లండి, తేరుకున్నట్టు కనిపించినా తీసుకెళ్లండి. సంచార పశువైద్య వాహనాల నంబరు 1962.

ఏ దారిన

జాతీయ రహదారి 16 వద్దు, దాని సర్వీసు రోడ్డు కూడా వద్దు. కృష్ణపట్నం పోర్టు లారీలు, చీమకుర్తి గ్రానైటు లారీలు తిరిగే దారులు అంతే: గాలి విసురుకే సైకిల్ ఊగుతుంది, రాలిపడిన రాతిముక్కలు పాదాల్లో దిగుతాయి. పెన్నా పొర్లుకట్ట, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు కాలువ కట్టల మీది మట్టిదారులు పొద్దున్నే బాగుంటాయి. మట్టి తారు కన్నా చల్లన, కీళ్లకు మెత్తన. కట్ట కనీసం రెండు మీటర్ల వెడల్పు ఉంటేనే ఎక్కండి. ఇందుకూరుపేట, విడవలూరు దిక్కున రొయ్యల గుంటల గట్లు చూడ్డానికి ఖాళీగా ఉన్నా, ఆ నీళ్లు కుక్క తాగకూడదు, ఏరియేటర్లకు లాగిన కరెంటు వైర్లు నేల మీదే ఉంటాయి.

సముద్రం ఒడ్డున తొక్కాలంటే అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీదే. వల ముక్కలు, గాలాలు, పారేసిన చేపలు ఉంటాయి, కుక్క మూతి కిందికి పోనివ్వద్దు. ఇంటికి రాగానే సైకిల్‌ను మంచినీళ్లతో కడిగి చైనుకు నూనె వేయండి, స్ప్రింగుకు గ్రీజు రాయండి.

కోతల రోజుల్లో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటారు. వాటి మీద చక్రం జారుతుంది, కుక్క తొక్కితే రైతు నోటికాడి కూడు పాడవుతుంది. దిగి నడిపించుకు పోండి. గొర్రెల మంద ఎదురైనా అంతే. జుడిపి మంద రోడ్డంతా పరుచుకుని వస్తుంటే బెల్లు కొట్టి దారి చేసుకోవాలనుకోవద్దు. దిగి, పక్కకు జరిగి, కుక్కను మీ కాళ్లకు ఆనించి కూర్చోబెట్టి మంద దాటేదాకా నిలబడండి. మందతో వచ్చే కాపలా కుక్కలు ఊరుకోవు.

వీధికుక్కలు ప్రతి వీధిలో కాచుకుని ఉంటాయి. వేగంగా తప్పించుకుపోవాలని చూస్తే వెంటపడతాయి, మీ కుక్క తాడుకు కట్టి ఉంది కాబట్టి పోట్లాడలేదు, పారిపోలేదు. అవి ఉండే చోటు యాభై అడుగుల ముందే దిగండి. సైకిల్‌ను మీ కుక్కకూ వాటికీ మధ్య అడ్డంగా ఉంచుకుని నెమ్మదిగా నడవండి, వాటి కళ్లలోకి చూడొద్దు. దగ్గరికొస్తే కిందికి వంగి రాయి తీసినట్టు చేయండి, చాలావరకు వెనక్కి తగ్గుతాయి. మిమ్మల్ని కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోండి, చెప్పిన డోసులన్నీ పూర్తి చేయండి. మీ కుక్కను కరిస్తే దానికి ముందే టీకా ఉన్నా మళ్లీ డాక్టరుకు చూపించాలి.

ఇంటికొచ్చాక

చివరి అర కిలోమీటరు దిగి నడిపించండి, ఒక్కసారిగా ఆపొద్దు. నీళ్లు పెట్టాక పాదాలు ఒక్కొక్కటిగా పైకెత్తి, వేళ్ల మధ్య వేలు పెట్టి తడమండి. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు, వడ్ల ముక్కులు అక్కడే ఇరుక్కుంటాయి. వడ్ల ముక్కు చర్మంలో దూరితే వెనక్కి రాదు, లోపలికే పోతూ చీము పడుతుంది. పాదం మెత్త పగిలినా, పైపొర ఊడి గులాబీరంగు కనిపించినా అది మానేదాకా సైకిల్ బయటికి తీయొద్దు. చెవుల వెనక, మెడ కింద, చంకల్లో పిడుదులు వెతకండి. మరుసటి పొద్దున కుక్క పడుకున్నచోటు నుంచి లేచేటప్పుడు గమనించండి: మొదటి నాలుగడుగులు బిగుసుకుని వేస్తే నిన్నటి దూరం ఎక్కువైనట్టే, వచ్చేసారి దాన్ని సగం చేయండి.